చిక్ వెబ్: మూడు నిమిషాల రికార్డుల్లో సవాయ్ లయ

1930ల మధ్య నుంచి సుమారు పదేళ్లపాటు అమెరికాలోని నాట్యశాలలను, రేడియోను ఏలిన జాజ్ శైలికి స్వింగ్ అని పేరు. పన్నెండు పదిహేను మంది వాద్యకారులున్న పెద్ద బ్యాండు ముందే రాసిపెట్టుకున్న స్వరకూర్పును వాయిస్తూ, ప్రతి దెబ్బనూ రెండు సమభాగాలుగా కాక, మొదటి భాగం కాస్త నిడివిగా, రెండోది కురచగా విడగొట్టి పాటకు ఊపు తేవడం ఆ శైలి ప్రధాన లక్షణం. ఈ ఊపు చెదరకుండా చూసే బాధ్యత డ్రమ్మరుది. ఆ బాధ్యతను బ్యాండు నాయకత్వంతో కలిపి ఒక్కచేతి మీద నడిపిన తొలితరం వారిలో అగ్రగణ్యుడు చిక్ వెబ్. అయితే ఆయన పేరు నిలిచింది రికార్డుల బలం మీద కంటే, న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో ఆయనను ఎదురుగా విన్నవారి సాక్ష్యం మీదే ఎక్కువగా. ఈ రెండింటికీ నడుమ అంత దూరం ఎందుకు ఏర్పడిందో గ్రహిస్తే తప్ప ఆయన స్థానాన్ని సరిగా అంచనా వేయలేము.

విలియం హెన్రీ వెబ్ బాల్టిమోర్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం విషయంలో ఆధారాలు ఏకీభవించకపోయినా, 1905ను అంగీకరించేవారే ఎక్కువ. చిన్నతనంలోనే వెన్నెముకకు క్షయ సోకి గూని ఏర్పడింది, ఎదుగుదల ఆగిపోయింది, నొప్పి జీవితాంతం విడిచిపెట్టలేదు. 1920ల మధ్యలో న్యూయార్క్ చేరి, 1926 నాటికే సొంత బ్యాండు కట్టాడు. స్వరలిపి చదవడం రాని వెబ్, సాధన జరుగుతున్నప్పుడు వింటూనే ప్రతి వాద్యం భాగాన్నీ కంఠస్థం చేసుకునేవాడని, ఎవరైనా తప్పితే ఆ స్వరాన్ని నోటితో పాడి సరిదిద్దేవాడని తోటివారు చెప్పుకున్నారు. కాలితో తొక్కి వాయించే పెద్ద బేస్ డ్రమ్, కర్రలతో వాయించే స్నేర్ డ్రమ్, కంచు పళ్లేల వంటి సింబల్స్, బోలుగా తొలిచిన కొయ్య గుండ్లయిన టెంపుల్ బ్లాక్స్ అన్నీ ఆయన పొట్టి చేతులకు అందేలా, పెడల్ ఆయన కాలికి తగిలేలా ప్రత్యేకంగా అమర్చారు. శరీరం విధించిన హద్దులను ఆయన పరికరాల అమరికతోనే దాటాడు.

1926 మార్చిలో లెనాక్స్ అవెన్యూ మీద తెరుచుకున్న సవాయ్ బాల్‌రూమ్ ఆయన అసలైన కార్యక్షేత్రం. నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద కలిసి నాట్యం చేయగలిగిన ఆ శాలలో రెండు వేదికలు పక్కపక్కనే ఉండేవి. ఒక బ్యాండు ముగించగానే రెండోది అందుకునేది కనుక సంగీతం ఆగేది కాదు. ఈ ఏర్పాటు నుంచే బ్యాండుల పోటీ అనే ఆచారం బలపడింది. 1930ల తొలినాళ్ల నుంచి సవాయ్‌కి స్థిరమైన బ్యాండుగా ఉన్న వెబ్, బయటి నుంచి వచ్చిన ప్రతి బ్యాండుకూ సొంత గడ్డ మీద ఎదురు నిలిచాడు. 1937 మే 11న దేశంలోకెల్లా పేరున్న బెన్నీ గుడ్‌మన్ బ్యాండు వచ్చినప్పుడు, సుమారు నాలుగు వేల మంది లోపల కిక్కిరిసిపోగా, వేలాది మంది చోటు లేక వీధిలోనే నిలిచిపోయారు. ఆ రాత్రి గెలుపు వెబ్‌దేనని శ్రోతలు తేల్చారు. గుడ్‌మన్ డ్రమ్మరు జీన్ క్రూపా అప్పటికే దేశమంతా తెలిసిన తార అయినా, వెబ్ ఆధిక్యాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుని, తర్వాత కూడా బాహాటంగానే చెబుతూ వచ్చాడు. 1938 జనవరి 16న కౌంట్ బేసీ బ్యాండుతో జరిగిన పోటీలో మాత్రం ఎవరు గెలిచారన్న దాని మీద ఏకాభిప్రాయం కుదరలేదు.

సవాయ్ వేదిక మీద కావలసినంతసేపు సాగే ఈ వాదనం రికార్డింగు గదిలోకి వచ్చేసరికి కుంచించుకుపోయింది. నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేది. 1925లో మైక్రోఫోన్ రికార్డింగు వచ్చినా, బేస్ డ్రమ్ గుండెలదిరే మోత మైనం మీదికి పూర్తిగా ఎక్కలేదు. 1929లో బ్రన్స్‌విక్ సంస్థకు జంగిల్ బ్యాండ్ అనే పేరుతో ఇచ్చిన రికార్డులతో మొదలైన ఆయన ప్రస్థానం, 1934లో ఎడ్గర్ శాంప్సన్ రాసిన ‘స్టాంపిన్ ఎట్ ద సవాయ్’తో పరిపక్వ దశకు చేరింది. అదే రచనను 1936లో గుడ్‌మన్ రికార్డు చేసినప్పుడే అది ఎక్కువ మందికి చేరింది. వెబ్ బ్యాండు కోసం తయారైన సంగీతం తెల్లవారి బ్యాండు ద్వారా దేశానికి పరిచయం కావడం ఆనాటి జాతి వివక్షకు స్పష్టమైన నిదర్శనం, చరిత్రకారులు దీన్ని పక్కన పెట్టకూడదు.

వెబ్ రికార్డులను వెలువరించిన అమెరికన్ డెకా సంస్థ 1934లోనే పుట్టి, ఇతరులు 75 సెంట్లకు అమ్ముతున్న రికార్డును 35 సెంట్లకే ఇచ్చి మార్కెట్టును పట్టింది. 1935లో వెబ్ బ్యాండులో చేరిన గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ అప్పటికింకా ఇరవై దాటని యువతి. ఆమె గొంతుకు గిరాకీ పెరిగేకొద్దీ డెకా పాటల రికార్డులకే మొగ్గు చూపింది, వాద్యరచనలు వెనకబడ్డాయి. బ్యాండు మనుగడ ఆమె పాటల వల్లనే సాధ్యమైందన్నది నిజమే అయినా, సవాయ్‌లో జనాన్ని ఉర్రూతలూగించిన డ్రమ్మరు అందువల్లే తన సొంత రికార్డుల్లో తెర వెనక్కి వెళ్లాడన్నదీ అంతే నిజం.

ఈ స్థితికి అత్యంత విలువైన మినహాయింపు, చిత్రంగా, ఆమె పాటల్లోకెల్లా పెద్ద విజయం సాధించిన రికార్డులోనే ఉంది. 1938 మేలో రికార్డు చేసిన ‘ఎ టిస్కెట్, ఎ టాస్కెట్’ అనే పిల్లల పాట దేశమంతా మోగింది. ఆ డిస్కును తిరగేస్తే రెండో వైపున ఉన్నది ‘లైజా’, గెర్ష్విన్ స్వరపరచిన పాటకు వాద్యరూపం. ఇందులో బ్యాండు ఒక చిన్న పదబంధం వాయించి ఆగిపోతే, ఆ ఖాళీని డ్రమ్మరు ఒక్కడే నింపే బ్రేకులు ముఖ్యం. కర్ణాటక కచేరీలో మృదంగ విద్వాంసుడు వాయించే తనియావర్తనంలా ఇక్కడ లయ విస్తరించడానికి తీరిక లేదు. కొన్ని క్షణాల్లోనే స్నేర్ మీద దట్టమైన వరసలు, వాటిని కోసేసే సింబల్ దెబ్బ, ఆ వెంటనే బ్యాండు తప్పకుండా తిరిగి అందుకోవలసిన చోటు అన్నీ ఇమిడిపోవాలి. వెబ్ ఎక్కడా తొందరపడడు, వేగం పెరగదు, తగ్గదు. 1937 నవంబరులో రికార్డు చేసిన ‘హార్లెమ్ కాంగో’లో ఆయన సోలో ఇంకా ఉద్ధృతంగా ఉంటుంది. కానీ ఈ రెండింటిలోనూ గమనించవలసింది సోలో ఒక్కటే కాదు. బూరల వారు గట్టిగా కొట్టబోయే స్వరానికి అర క్షణం ముందే వెబ్ ఒక దెబ్బతో దారి చూపడం, సాక్సఫోన్ల భాగం రాగానే చప్పుడు తగ్గించి ఆ ఊపును సింబల్ మీదికి మార్చడం వంటివి ఆయన నాయకత్వానికి వినిపించే సాక్ష్యాలు. చేతులు ఊపి నడిపించే నాయకుడు ఆ బ్యాండుకు అవసరం లేకపోయింది.

నొప్పి భరిస్తూ ఊరూరా తిరిగిన వెబ్ 1939 జూన్ 16న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మరణించాడు. ఆ తర్వాత బ్యాండు 1942 దాకా ఎల్లా పేరు మీద నడిచింది, సవాయ్ భవనాన్ని 1950ల చివర కూల్చివేశారు. బడ్డీ రిచ్ వంటి తర్వాతి డ్రమ్మర్లు వెబ్‌ను గురుతుల్యుడిగా చెప్పుకున్నారు. ఆ మాటకు ఆధారం వెతికేవారు గాయని వెనుక ఆయన వాయించిన పాటలతో ఆగిపోతే అన్యాయమే చేసినవారవుతారు. స్వింగ్ డ్రమ్స్ చరిత్ర రాసేవారు ముందుగా వినవలసినవి ‘లైజా’, ‘హార్లెమ్ కాంగో’.