తాయిఫ్ కొండల సాక్ష్యం

అరేబియా పశ్చిమ భాగాన, మక్కాకు ఆగ్నేయ దిశలో, సరాత్ పర్వతశ్రేణిపై సుమారు 1,700 మీటర్ల ఎత్తున తాయిఫ్ నగరం ఉన్నది. మక్కా పైరుపంటలు లేని వేడి లోయ. తాయిఫ్ ద్రాక్ష, దానిమ్మ పండే, గులాబీలు పూసే చల్లని సీమ. చేరువనున్న గజ్వాన్ కొండ, వజ్జ్ లోయ దాని ప్రకృతిసిద్ధమైన గుర్తులు. నగరానికి పూర్వనామం కూడా వజ్జ్ అనే. దివ్యఖుర్ఆన్ జుఖ్రుఫ్ సూరా 31వ వాక్యం ప్రస్తావించిన రెండు పట్టణాలు మక్కా, తాయిఫ్‌లేనని వ్యాఖ్యాతలు చెప్పారు.

చరిత్ర విద్యార్థికి ఈ సీమలో కనిపించే గుర్తులన్నీ ఒకే తరగతికి చెందినవి కావు. కొన్ని ప్రజల జ్ఞాపకం నిలిపినవి, కొన్ని ఆనాటి చేతులే చెక్కినవి. ఈ తేడాను గమనించడం అవసరం.

హిజ్రత్‌కు పూర్వం మహాప్రవక్త (స) సత్యసందేశంతో తాయిఫ్‌కు వెళ్ళారు. సఖీఫ్ తెగ పెద్దలు తిరస్కరించారు; అల్లరిమూకలు రాళ్ళు రువ్వాయి. ఆయన ఒక తోటలో ఆశ్రయం పొందగా, నైనవా వాసి అయిన అద్దాస్ అనే క్రైస్తవ బానిస ద్రాక్షపండ్లు తెచ్చి ఇచ్చాడు. సీరత్ గ్రంథాలు ఈ సంఘటనను వివరించాయి. అద్దాస్ పేర ఒక చిన్న మసీదు అక్కడ ఉన్నది. సంఘటనకు ఆధారం గ్రంథాలలోని ఉల్లేఖనమే. ఆ తోట ఇక్కడే ఉండేదని చెప్పేది మాత్రం స్థానికుల జ్ఞాపకం. హిజ్రీ 68లో తాయిఫ్‌లోనే పరమపదించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) పేర వెలసిన పెద్ద మసీదు కూడా స్మృతిచిహ్నమే.

నగరానికి తూర్పు దిక్కున సైసద్ వద్దనున్న ఆనకట్ట విషయం వేరు. వానాకాలపు వరదను నిలపడానికి సున్నం వాడకుండా రాళ్ళు పేర్చి దానిని కట్టారు. అక్కడి రాతిపై ఆరు పంక్తుల అరబ్బీ శాసనం ఉన్నది. ఆనకట్ట విశ్వాసుల నాయకుడు ముఆవియాదనీ, అబ్దుల్లాహ్ బిన్ సఖ్ర్ 58వ సంవత్సరంలో నిర్మించాడనీ అది తెలుపుతుంది. అంటే క్రీ.శ. 677-78. ముఆవియా (రజి) మరణం హిజ్రీ 60లో. కనుక ఇది ఆయన జీవించి ఉండగానే చెక్కిన మాట. తరువాతి తరాల వారు చెప్పినది కాదు.

ఈ శాసనానికి మరొక ప్రాముఖ్యం ఉన్నది. అరబ్బీలో బా, తా, సా వంటి అక్షరాలకు రూపం ఒక్కటే. చుక్కలే వాటిని వేరుపరుస్తాయి. ఈ చుక్కలు ఇరాఖ్ పాలకుడు హజ్జాజ్ బిన్ యూసుఫ్ కాలంలో పుట్టాయని పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెబుతాయి. హజ్జాజ్ కూడా తాయిఫ్‌లో పుట్టిన సఖీఫ్ తెగవాడే. అతడు ఇరాఖ్ అధికారం చేపట్టినది హిజ్రీ 75లో. కాని అతని స్వస్థలపు రాతిపై, అంతకు పదిహేడేళ్ళ ముందే, చుక్కలు పెట్టిన అక్షరాలున్నాయి! హిజ్రీ 22 నాటి ఈజిప్టు పపైరస్ పత్రంలోనూ, అల్ ఉలా సమీపాన దొరికిన హిజ్రీ 24 నాటి జుహైర్ శాసనంలోనూ చుక్కలు కనిపిస్తాయి.

ఇంతమాత్రాన పూర్వీకుల ఉల్లేఖనం అబద్ధమని తీర్మానించరాదు. హజ్జాజ్ కాలంలో జరిగినది చుక్కల సృష్టి కాదు. అరబ్బేతరులు ఖుర్ఆన్ పారాయణంలో పొరబడకుండా వాటిని ముస్‌హఫ్‌లో క్రమబద్ధంగా ఉపయోగించడం. ఈ విధంగా గ్రహిస్తే ఉల్లేఖనమూ, శాసనమూ పరస్పరం విరుద్ధం కావు. మొదటిది ఆ పని ఎందుకు జరిగిందో చెబుతుంది, రెండవది ఆ పనికి కావలసిన సాధనం అప్పటికే ఉన్నదని చూపుతుంది.

కనుక తాయిఫ్ వెళ్ళే యాత్రికులు అద్దాస్ మసీదు వద్ద ఆగినట్లే సైసద్ ఆనకట్ట వద్ద కూడా ఆగడం మంచిది. మొదటిచోట సమాజం దేనిని మరువదలచుకోలేదో తెలుస్తుంది. రెండవచోట, గ్రంథాలు వెలువడక మునుపు ఒక లేఖకుడు ఏమి రాశాడో కళ్ళారా చూడవచ్చు.