కట్టుబాట్లు నిలిచాయి, కనికరం నిలిచిందా?



ఆదివారం తెల్లబట్టలు, ఆడవారి తలపై ముసుగు, ప్రభువు బల్ల. ఇవన్నీ మన రాజోలు ప్రాంతంలో మనకు అలవాటే. వీటిలో కొన్ని వాక్యం నుండి వచ్చాయి, కొన్ని మన నేలవి, మరికొన్ని ఓడ ఎక్కి వచ్చాయి.

1836లో ఇంగ్లండులోని డెవాన్ ప్రాంతం నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు సహోదరులు తమ భార్యలతో మన దేశానికి వచ్చారు. వారిని పిలుచుకు వచ్చినది ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ గారు. తరువాత వారు మన సఖినేటిపల్లి రేవుకు ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. వారు బ్రదరన్ వారు. బిరుదులు, ఆడంబరం లేకుండా ప్రతి ఆదివారం రొట్టె విరవడం వారి పద్ధతి.

అంతకు రెండు వందల ఏళ్ల క్రితం, 1620లో, అదే డెవాన్‌లోని ప్లిమత్ రేవు నుండి మేఫ్లవర్ ఓడ అమెరికాకు వెళ్లింది. 1630 నుండి ప్యూరిటన్లు వేలమంది మసాచుసెట్స్ చేరారు. వారికి శనివారం పొద్దు గుంకగానే విశ్రాంతి దినం మొదలయ్యేది. ఆదివారం ఉదయం, మధ్యాహ్నం రెండు ఆరాధనలు జరిగేవి. గడ్డకట్టే చలిలోనూ మందిరంలో నిప్పు ఉండేది కాదు, వాద్యాలు అసలే లేవు. కునికేవారిని లేపడానికి ఒకరు కర్ర పట్టుకుని తిరిగేవారు. లేఖనంలో లేదని 1659లో క్రిస్మస్ ఆచరించినవారికి 5 షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681లో గాని ఆ చట్టం పోలేదు. పిల్లలు బైబిలు చదవాలని, 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదువు చెప్పేవారిని పెట్టుకోవాలని 1647లోనే చట్టం చేశారు. ఇది మెచ్చుకోవలసిన మాటే.

కానీ ప్రియులారా, రెండవ వైపు కూడా చూడండి. ఆ మందిరాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో హోదానుబట్టి, ఆస్తినిబట్టి నిర్ణయించేవారు. వేరే విశ్వాసం చెప్పిందని మేరీ డయ్యర్ అనే స్త్రీని 1660లో బోస్టన్‌లో ఉరితీశారు. 1692లో సేలంలో మంత్రగత్తెలనే నింద మోపి 19 మందిని ఉరితీశారు. అయితే ఆ తీర్పులో కూర్చున్న సామ్యూల్ సీవాల్ అనే న్యాయాధిపతి 1697లో తన సంఘమంతటి ఎదుట నిలబడ్డాడు. అతని ఒప్పుకోలును బోధకుడు చదువుతుండగా ఆ నింద తన మీద వేసుకున్నాడు. ఆదివారాలు తప్పకుండా పాటించినవారిలో ఎంతమంది అలా నిలబడగలిగారు?

ఇప్పుడు మనల్ని మనం అడుగుకుందాం. మన మందిరంలో ముందు కుర్చీ ఎవరికి, వెనక చాప ఎవరికి? కూలికి పోయి ఆలస్యంగా వచ్చిన సహోదరిని చూసి ముఖం చిట్లిస్తున్నామా? ఒక్క రొట్టెలో పాలు పొంది, బయటికి రాగానే ఏ పేటవాడని అడుగుతున్నామా? అలాగైతే మన ముసుగులు, తెల్లబట్టలు మనల్ని కాపాడవు. ఈ వారం మీ ఇంటివారితో కలిసి యాకోబు 2:1-9 చదవండి.

క్రమం మంచిదే. గోదావరికి గట్టు కావాలి. కానీ గట్టు ఉన్నది నీరు చేలకు పారడానికే గదా! మన కట్టుబాట్ల మధ్య ప్రేమ పారునట్లు ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.