వెండి నలుపు – కలకత్తా టంకశాల చెప్పే పాఠం

పండుగ ముందు రోజు పెట్టెలోంచి తీసిన వెండి పట్టీలు, కుంకుమ భరిణె నల్లబడి ఉండటం మీరు చూసే ఉంటారు. వెంటనే విభూతో, పళ్ళపొడో, ముగ్గుపిండో తీసుకుని రుద్దడం మన ఇళ్ళలో అలవాటు. కాసేపటికి వస్తువు తళతళలాడుతుంది. మరి గుడ్డకు అంటిన ఆ నల్లటి పదార్థం ఏమిటి? మురికి అనుకుంటాం. కాని దాని బరువులో నూటికి 87 పాళ్ళు వెండే!

ఇలా రుద్దితే పోయేదేమిటో తెలియాలంటే వెండిని వెంట్రుకవాసి తేడా లేకుండా తూచిన ఒక చోటికి వెళ్ళాలి. అది నాటి కలకత్తా, నేటి కోల్‌కతా.

తులానికి తూకం కుదిరిన చోటు

కలకత్తాలో స్ట్రాండ్ రోడ్డు మీద గ్రీకు దేవాలయం ముఖద్వారాన్ని పోలిన పాత టంకశాల భవనం ఉంది. దానికి 1824లో పునాది వేశారు. 1829 ఆగస్టులో అక్కడ పని మొదలైంది. 1952లో అలీపూరులో కొత్త టంకశాల తెరిచేదాకా నగరంలో నాణేల తయారీకి ఇదే కేంద్రం.

1832లో ఇక్కడ లోహ పరీక్షాధికారిగా నియమితుడైన జేమ్స్ ప్రిన్సెప్ (1799–1840) పేరు చరిత్ర విద్యార్థులకు సుపరిచితమే. అశోకుని బ్రాహ్మీ శాసనాలను 1837లో చదివింది ఆయనే. అయితే ఆయన జీతం తీసుకున్నది వెండి బంగారాల స్వచ్ఛతను తేల్చే పనికి. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. అందులో మూడు వేలవ వంతు తేడాను కూడా పట్టిచ్చే త్రాసును ఆయన రూపొందించాడు.

అంత సూక్ష్మమైన త్రాసు ఎందుకు? ఆ రోజుల్లో దేశంలో రకరకాల రూపాయలు చెలామణిలో ఉండేవి. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది. అరిగిన మేరకు సరాఫులు వట్టం, అంటే తరుగు, కోసుకునేవారు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1835లో ఒకే రకం రూపాయి వచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు. అందులో 12 పాళ్ళకు 11 పాళ్ళు వెండి. ఈ 180 గ్రెయిన్లే, అంటే సుమారు 11.66 గ్రాములే, నాటి ప్రమాణ తులం. రూపాయి బిళ్ళ ఎదురు వేసి నగలు తూచడం అలా సాధ్యమైంది. ఇప్పుడు వ్యాపారంలో 10 గ్రాములనే తులం అంటున్నారు.

అక్షరం అరిగితే చరిత్ర చెరిగినట్టే

పాత నాణేలను సేకరించి చదవడం ప్రిన్సెప్‌కు తీరని దాహం. సౌరాష్ట్ర ప్రాంతాన్ని ఏలిన క్షత్రపుల వెండి నాణేలు ఆయనను ఎంతో ఆకర్షించాయి. ఒక్కొక్కటి రెండు గ్రాముల చిన్న బిళ్ళ. ఒకవైపు రాజు తల, ఆ తల వెనుక సంవత్సరాన్ని తెలిపే అంకెలు. రెండో వైపు అంచు వెంబడి రాజు పేరు, ఆయన తండ్రి పేరు. ఈ నాణేల ఆధారంగానే రాజవంశాల వరుసను కూర్చగలిగారు. ఆ అక్షరాలు నాణెం మీద పైకి లేచి ఉన్నది మిల్లీమీటరులో కొద్ది భాగమే.

మన శాతవాహనుల చరిత్రకూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13,000కు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర తిరిగి కొట్టించాడు. కొత్త ముద్ర కింద పాత ముద్ర ఇంకా లీలగా కనిపిస్తుంది. ఎవరిని ఎవరు జయించారో ఆ రెండు పొరలే చెబుతాయి. అలాంటి నాణేన్ని ఇసుకతో తోమితే ఏమవుతుందో ఊహించండి!

నలుపు ఎలా పుడుతుంది?

వెండి మామూలుగా ఆక్సిజనుతో తుప్పు పట్టదు. దాని శత్రువు గంధకం. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు వంటి గంధక వాయువులు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడు అనే పొరను ఏర్పరుస్తాయి. పొర పలుచగా ఉంటే పసుపు, మందమయ్యే కొద్దీ గోధుమ, నీలం, చివరికి నలుపు రంగులు కనిపిస్తాయి. తేమ ఈ చర్యను త్వరపరుస్తుంది. కలకత్తాలో తేమతో పాటు బొగ్గు పొగా ఎక్కువే. ఆ పొగను అదుపు చేయడానికి 1905లోనే బెంగాల్‌లో చట్టం తేవలసి వచ్చింది.

రుద్దడమంటే ఈ పొరను, దానితో పాటు కింది వెండిని కూడా గీకివేయడమే. వెండి మెత్తని లోహం. మోస్ కొలమానంలో దాని కాఠిన్యం సుమారు 2.5. సుద్దది 3, ఇసుకది 7. చింతపండు పులుపు రాగి చిలుమును వదిలిస్తుంది కాని సిల్వర్ సల్ఫైడును దాదాపు కదిలించలేదు.

వెండిని వెనక్కి రప్పించడం

గంధకాన్ని మాత్రమే తీసివేసి, వెండిని వస్తువు మీదనే నిలిపే మార్గం ఉంది. వంటకు వాడని పాత అల్యూమినియం గిన్నెలో వేడినీళ్ళు పోసి, చెంచాడు వంటసోడా, కొంచెం ఉప్పు కలపండి. నగ గిన్నె అడుగుకు తాకేలా ఉంచండి. ఇప్పుడు గిన్నె ఒక చిన్న విద్యుత్ ఘటం అవుతుంది. అల్యూమినియం ఇచ్చే ఎలక్ట్రాన్లను అందుకుని సిల్వర్ సల్ఫైడు తిరిగి వెండిగా మారుతుంది. గంధకం హైడ్రోజన్ సల్ఫైడుగా వెలువడటం వల్ల కుళ్ళిన గుడ్ల వాసన కొద్దిగా వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి. కొన్ని నిమిషాల తర్వాత నగను మంచినీళ్ళతో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దండి. తిరిగి వచ్చిన వెండి కాస్త మెరుపు తగ్గి కనిపించవచ్చు. అంతమాత్రాన గట్టిగా తోమకండి.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. ముత్యాలు, రాళ్ళు పొదిగినవి, లోపల లక్క నింపినవి, కావాలనే నల్లరంగు పెట్టిన నగిషీ వస్తువులు వేడినీళ్ళలో వేయకూడదు. కరీంనగర్ వెండి తీగల పని వంటి సున్నితమైన వాటిని తోమితే తీగలు వంగిపోతాయి. పాత నాణేల జోలికి అసలే వెళ్ళవద్దు. వాటిని నిపుణులకు వదిలేయండి.

అన్నిటికంటే మేలైనది నలుపు పట్టనీయకపోవడం. వాడిన నగను తుడిచి, తడి లేకుండా గాలి చొరని సంచిలో ఉంచండి. రబ్బరు బ్యాండు చుట్టకండి, ఉన్నిగుడ్డలో పెట్టకండి. ఆ రెండింటిలోనూ గంధకం ఉంటుంది. మీ ఇంట్లో అమ్మమ్మ నాటి పట్టీలో, రూపాయి బిళ్ళో ఉంటే దాని మీది గీతలను, అక్షరాలను ఒకసారి భూతద్దంతో చూడండి. ఏమి కాపాడాలో మీకే అర్థమవుతుంది.