పాట వెంట పలక

దమ్మాయిగూడకు అనతిదూరమున కీసరగుట్ట కలదు. శివరాత్రి జాతరకు చుట్టుపట్ల గ్రామముల జనము ఎడ్లబండ్లపై ఆ గుట్టకు తరలివచ్చిన దినములలో, వారిలో పుస్తకము చదువగలవారు బహు స్వల్పముగా నుండిరి. 1951 జనాభా లెక్కలనాటికి హైదరాబాదు రాష్ట్రమునందు అక్షరాస్యులు నూటికి పదిమందికి మించలేదు. అట్లని ఆ జనము ఏమియు నెరుగనివారని తలచుట పొరపాటు. ఒగ్గువారు చెప్పిన మల్లన్న కథను, చిందువారు ఆడిన భాగవతములను, శారదకాండ్రు పాడిన వీరగాథలను తెల్లవార్లు కూర్చుండి విని, మరునాడు పొలములో పనిచేయుచు ఒకరికొకరు చెప్పుకొనెడివారు. వారిది చెవి చదువు. గ్రంథాలయోద్యమ చరిత్రను బీరువాలతోను చందాదారుల పట్టీలతోను ఆరంభించుట పరిపాటి. ఈ చెవి చదువును విడిచినచో ఆ చరిత్ర సగమే యగును.

ఆ ఉద్యమమునకు తెలంగాణమున 1901 సెప్టెంబరు 1వ తేదీన అంకురార్పణ జరిగినది. నాడు హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి గృహమునందు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతులు అందులకు పూనుకొనిరి. రాజభాష ఉర్దూ, పాఠశాలలలో బోధనాభాషయు ప్రధానముగా నదియే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణమున జరిగిన సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా కొందరు గేలిచేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. పిదప గ్రంథాలయములు పలు తావుల నెలకొన్నవి. అయితే వాని తలుపులు తెరచియున్నను లోనికి రాగలవారెవరు? వకీళ్ళు, ఉపాధ్యాయులు, కొంత భూవసతి గలవారు. దొరల గడీలలో వెట్టి చేయువాడు గుమ్మము వద్దనే నిలిచిపోయెను. అందుల కతనిని నిందించుట తగదు. పుస్తకమే అతనికడకు పోలేదు.

పోయినది పాట. 1940 తరువాత ఆంధ్ర మహాసభ రైతుల సభగా మారినప్పుడు, పల్లెలకు చేరిన మొదటి ప్రచారకుడు కరపత్రము కాదు, కళాకారుడు. నాటి నల్లగొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను చేపట్టి, వెట్టిచాకిరిని, దొరల దౌష్ట్యమును వానిలోనికి తెచ్చెను. ఇటువంటి పనికి బుర్రకథ ఎంత అనువైనదో దాని కూర్పును చూచిన తెలియును. నడుమ కథకుడు తంబుర మీటుచు, అందెలు మ్రోగించుచు కథ నడపును. ఇరువైపుల వంతగాండ్రు డక్కీలు వాయింతురు. వారిలో ఒకడు హాస్యము చెప్పును. రెండవవాడు రాజకీయము చెప్పును. కనుక కథ పలనాటిదైనను, బొబ్బిలిదైనను, ఆ రెండవవాని నోట నేటి పన్ను, నేటి వడ్డీ, నేటి పటేలు వచ్చి కూర్చుండును. క్రొత్త విషయమునకు క్రొత్త వేదిక కట్టనవసరము లేదు. షేక్ నాజర్ ఈ కళను తెలుగునేల నలుమూలలకును కొనిపోయెను. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దానికి అండయైనది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతుల పోరాటమును వస్తువుగా గైకొని 1947లో రచించిన ‘మా భూమి’ నాటకమును కోస్తా జిల్లాలలో ఎన్నో దళములు ప్రదర్శింపగా, మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ప్రభుత్వములు సాధారణముగా వినోదమునకు భయపడవు. ఈ నిషేధమే ఆ నాటకమునకు లభించిన గొప్ప మెప్పు.

అయినను ఆ ప్రదర్శనలలో పాట ప్రధానము, పలక గౌణము. రెండును జంటగా నడచి, చదువు నేర్చినవారి బ్రదుకును అక్షరమే కదిలించిన వృత్తాంతము కొరకు మరి నాలుగు దశాబ్దములు దాటి, నెల్లూరు జిల్లాకు పోవలెను.

జాతీయ సాక్షరతా మిషను 1988లో ఆరంభమైనది. కేరళలోని ఎర్నాకుళము జిల్లా 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటింపబడగా, ఆ పద్ధతిని ఇతర జిల్లాలును అనుసరించినవి. 1991లో నెల్లూరున ‘అక్షరదీపము’ కార్యక్రమము సాగినది. దానికి ముందు నడచినవి కళాజాతాలు. తెర లేదు, రంగస్థలము లేదు. రచ్చబండకడ పదిమంది యువతీయువకులు నిలిచి, జనమెరిగిన బాణీలలో పాటలు పాడి, చిన్న నాటికలు ఆడెడివారు. కూలి లెక్కలో మోసపోయిన మనిషి, బస్సు మీది ఊరి పేరు చదువలేక నిలిచిపోయిన ముసలివాడు, కుమారుని ఉత్తరమును పరులచేత చదివించుకొనవలసిన తల్లి వంటివారు అట్టి నాటికలలో పాత్రలు. చూచువారికి అవి నాటకములుగా తోచలేదు. రాత్రి కేంద్రములకు వచ్చినవారిలో స్త్రీలే అధికముగా నుండిరి.

తన బ్రదుకులోని మాటతోనే మనిషికి అక్షరము నేర్పవలెనని బ్రెజిలు దేశపు విద్యావేత్త పౌలో ఫ్రేరే చెప్పెను. నెల్లూరు వాచకమున ఆ పని జరిగినది. అందులో సీతమ్మ కథ యను పాఠమొకటి యుండెను. అది పేద యింటి స్త్రీలు కలిసి సారా దుకాణమును మూయించిన కథ. సారా ఆ యిండ్లకు క్రొత్త కాదు. 1980 తరువాత ‘వారుణివాహిని’ పేర ప్రభుత్వమే దానిని పొట్లములలో పంపిణీకి ఏర్పాటు చేయగా, అది గడప ముంగిటికే వచ్చినది. ఒక చేతితో రెండు రూపాయలకు కిలో బియ్యము, మరియొక చేతితో సారా పొట్లము! పగలంతయు మగవాడు సంపాదించిన కూలి సాయంకాలమునకు పొట్లముగా మారుచుండగా, దీపము ముందు కూర్చున్న భార్య ఆ పాఠమును కేవలము అక్షరములుగా చదువలేదు. చదివినపిదప ప్రక్కనున్నదానితో మాటలాడినది. ఇండ్లలో ఎవరికివారు ఏడ్చిన దుఃఖమునకు, పదిమంది ఒకచోట కూర్చుండు గది దొరకినది.

దూబగుంట గ్రామమున స్త్రీలు ఏకమై, రోశమ్మ మొదలగువారు ముందు నిలువగా, ఊరిలోనికి సారా రాకుండ అడ్డగించి దుకాణమును మూయించిరి. వారి కథయే తరువాతి వాచకమున ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠమైనది. పుస్తకములోని సీతమ్మ ఊరిలోనికి రాగా, ఊరిలోని స్త్రీలు పుస్తకములోనికి పోయిరి. ఆ పాఠము చదివిన ఇతర గ్రామములవారు, ఇది కల్పన కాదు, ఫలానా యూరిలో జరిగినదే యని తెలిసికొనిరి. 1992లో జిల్లాలో సారా వేలములు స్త్రీల ప్రతిఘటనవలన పలుమార్లు వాయిదా పడినవి. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది.

పాట యొకటే ఇంత పని చేసెననుట అతిశయోక్తి యగును. కరవు, కూలి, ఎన్నికలు, పత్రికలు, మహిళా సంఘములు, ఇవన్నియు నందు పాలుపంచుకొన్నవి. కాని జాతా రానిచో కేంద్రము నిండెడిది కాదు. కేంద్రము నిండనిచో సీతమ్మను ఎవరును చదివెడివారు కారు.

1997లో సంపూర్ణ నిషేధము ఎత్తివేయబడినది. సారా మీది నిషేధము మాత్రము నిలిచినది. అక్షరము సంగతియు నట్లే సగము లాభముగా ముగిసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున స్త్రీల అక్షరాస్యత 1991లో నూటికి 32.7 కాగా 2001లో 50.4కు పెరిగినది. ఈ పెరుగుదలలో బడికి పోయిన బాలికల వంతు గొప్పది. రాత్రి దీపమున నేర్చిన తల్లుల చదువు అంత గట్టిగా నిలువలేదు. వాచకము ముగిసినపిదప చదువుటకు ఊరిలో ఏమున్నది? పెద్ద అక్షరముల పుస్తకములు, పని ముగించుకొని వచ్చినవారికొరకు రాత్రివేళ తెరచియుండు గది, తడబడినచోట చదివి వినిపించు మనిషి లేని గ్రామములలో సంతకము నేర్చిన చేయి కొన్ని యేండ్లకు మరల వ్రేలిముద్రకే తిరిగినది. జాతాలో విన్న పాట మాత్రము జ్ఞాపకముండిపోయినది.