పాత బండి క్లచ్: అరిగిందా, కాలిందా?

పాత జీపుకో ట్రాక్టరుకో క్లచ్ పోయిందంటే చాలు, “సెట్టు మొత్తం మార్చేద్దాం” అనే మాట వినపడతాది. అన్నీ మార్చాలా, ఉన్నవాటిని బాగుచేయించొచ్చా? క్లచ్ చరిత్ర తెలిస్తే సగం జవాబు అందులోనే దొరుకుతాది.

తొలినాళ్ల కార్లు చాలావాటిలో ఇప్పటిలా ప్లేటు లేదు. గరాటులాంటి ఇనుప ముక్క మీద తోలు బిగించేవారు. తోలు ఎండిపోకుండా ఆముదం పట్టించేవారు. తోలు అరిగితే కొత్త తోలు వేసేవారు, ఇనుము అలాగే ఉండేది. కర్రు అరిగితే కమ్మరి దగ్గర సాగగొట్టించుకుంటాం గానీ నాగలి పారేయం కదా, అలాగే.

1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన గుర్రబ్బళ్లకు బ్రేకు దిమ్మలు చేయడం మొదలెట్టాడు. ఆయన పెట్టిన ఫెరోడో కంపెనీ తర్వాత రాతినారతో లైనింగులు తీసింది. రాతినార వేడికి కాలదు. మన పులివెందుల దగ్గర గనుల్లో తవ్వింది అదే. ఆ లైనింగుని ఉక్కు ప్లేటుకి రివిట్లతో బిగించేవారు. మహీంద్రా పాత జీపులూ, 1960లో మద్రాసులో మొదలైన టాఫే వారి మాసీ ట్రాక్టర్లూ, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరూ ఆ దారిలో వచ్చినవే. రివిట్లు తీసి కొత్త లైనింగు వేయడం వీటికి మామూలు పనే.

ఇక తేల్చుకోవడం ఎలా? నా లెక్క ఒక్కటే: రాపిడికి అరిగింది బాగవుతాది, వేడికి చచ్చింది బాగవదు.

లైనింగు రివిట్ల తలల దాకా అరిగితే కొత్తది వేయించండి. కానీ ముందు ప్లేటు వంకర లేదా, మధ్యలో బుష్ పళ్లు అరిగి లూజు అయ్యాయా చూడండి. పళ్లు పోతే ఆ ప్లేటుకి లైనింగు ఖర్చు దండగ. ఫ్లైవీలు, ప్రెజర్ ప్లేటు మీద సన్నటి గీతలుంటే లేతు మీద చెక్కిస్తే సరిపోతాది. కంపెనీ చెప్పిన మందం దాటి చెక్కించొద్దు. ప్రెజర్ ప్లేటు పలచబడితే స్ప్రింగుల ఒత్తిడి కూడా తగ్గుతాది. పగుళ్లు లోతుగా ఉంటే మార్చాల్సిందే. నీలంగా మారిన స్ప్రింగుకి బలం పోయినట్టే, సాగదీసి వేయడం పనికిరాదు. రిలీజ్ బేరింగు ఎప్పుడూ కొత్తదే వేయండి, దానికోసం మళ్లీ బండి విప్పలేం. లైనింగు నూనెతో తడిసి ఉంటే ముందు ఆయిల్ సీలు మార్చండి, లేకపోతే కొత్త లైనింగూ అలాగే పాడవుతాది.

ఇంకో ముఖ్యమైన మాట. పాత లైనింగు దుమ్ములో రాతినార ఉండొచ్చు. అది ఊపిరితిత్తులని పాడుచేస్తాది, క్యాన్సరూ తెస్తాది. ఆ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యం వాళ్ల జీవించే హక్కులో భాగమని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మెకానిక్ కుర్రాడి ఊపిరీ అంతే. హౌసింగు విప్పాక దుమ్ముని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదనివ్వద్దు. తడిగుడ్డతో తుడిపించి, ఆ గుడ్డని కవర్లో మూట కట్టేయమనండి.

పార్టు చేతిలో పెట్టుకొని వెలుతురులో చూసి, అరిగిందో కాలిందో అడిగాకే డబ్బులు తీయండి.