జాంబీల నవ్వులూ ప్రేమలూ: బిర్కత్ అల్ అవామిర్ నుంచి ఒక చిన్న సినిమా చరిత్ర

సావనీరు కమిటీ వారు "ఏదైనా చరిత్ర మీద రాయండి" అని అడిగినప్పుడు నేను కాకతీయుల మీదో, విజయనగరం మీదో రాస్తాననుకుని వుంటారు. ఆ పని చేయగల పండితులు మనలో చాలామంది వున్నారు. నేను ఇంజినీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌తో పొట్ట పోసుకుంటున్న వాణ్ణి. నాకు కాస్త లోతుగా తెలిసిన చరిత్ర ఒక్కటే, జాంబీ సినిమాలది. అందులోనూ తక్కువ డబ్బుతో తీసి, కడుపుబ్బ నవ్వించి, మధ్యలో ఒక ప్రేమకథ కూడా చెప్పే సినిమాలది. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది మన చరిత్ర కూడా అని మీరే ఒప్పుకుంటారు.

ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

బిర్కత్ అల్ అవామిర్ అనే పేరు మీలో చాలామంది విని వుండరు. ఖతర్‌లో దోహాకి దక్షిణంగా, అల్ వక్రా వైపు వుంటుంది. అరబ్బీలో బిర్కత్ అంటే నీటి మడుగు. ఇప్పుడక్కడ కనిపించేది మాత్రం గోదాములు, లారీలు, కార్మికుల వసతి గృహాలు. గోదాముల్లో సరుకు లెక్క చూసే ప్రోగ్రాం ఒకదాన్ని బాగుచేసే పని మీద కొన్నాళ్ళు రోజూ అక్కడికి వెళ్ళాను. నన్ను తీసుకెళ్ళే డ్రైవరు జగిత్యాల వైపు కుర్రాడు. ఒక తెల్లవారుజామున మా కారు ముందు బస్సు ఆగింది. రాత్రి డ్యూటీ చేసిన వాళ్ళు దిగుతున్నారు. సగం మూసిన కళ్ళు, ఈడ్చుకుంటున్న కాళ్ళు, చేతిలో టిఫిన్ డబ్బాలు. పక్కనున్న మిత్రుడితో, "చూశావా, జాంబీలు దిగుతున్నారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

డ్రైవరు అప్పుడేమీ అనలేదు. సాయంత్రం దింపేటప్పుడు అడిగాడు. "సార్, పొద్దుగాల మీరన్నరు గదా, జాంబీ అంటే ఏంది?"

"చచ్చిపోయి కూడా నడిచే మనిషి. సినిమాల్లో వుంటుందిలే" అన్నాను.

కాసేపు ఊరుకుని, "ఆ బస్సుల మా బామ్మర్ది గూడ ఉండె సార్" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం అప్పుడే మొదలైందనుకోండి.

చెరకు తోటలో పుట్టిన దెయ్యం

జాంబీ అంటే మనకి అమెరికా సినిమా గుర్తొస్తుంది. కానీ దాని పుట్టిల్లు హైతీ. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఆ చెరకు తోటల్లో పనిచేశారు. 1791లో తిరగబడి, 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. బానిసకి చావు ఒక్కటే విడుదల అనుకునే రోజుల్లో, ఆ చావు కూడా విడిపించలేకపోతే ఎలా అన్న భయం నుంచి పుట్టినవాడే జాంబీ. మాంత్రికుడు శవాన్ని లేపి మళ్ళీ పొలంలోకి తోలతాడు. అంటే మొదటి జాంబీ మనుషుల్ని పీక్కుతినే రాక్షసుడు కాదు, సెలవు దొరకని కూలీ.

1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా సైన్యం చేతిలో వుంది. ఆ కాలంలో అక్కడికి వెళ్ళిన విలియం సీబ్రూక్ 1929లో 'ది మ్యాజిక్ ఐలండ్' అనే పుస్తకం రాశాడు. చక్కెర కంపెనీ తోటలో పనికి పెట్టిన జాంబీల కథ ఒకటి అందులో వుంది. వాళ్ళకి ఉప్పు లేని తిండే పెట్టాలట. ఒక ఇల్లాలు జాలిపడి మిఠాయి పెడుతుంది. అందులో ఉప్పు తగిలిన పప్పు గింజలు వుంటాయి. అవి నోట పడగానే తాము చచ్చిపోయామన్న సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది. పని వదిలేసి, ఎవరు పిలిచినా వెనక్కి చూడకుండా, కొండల్లోని సొంత ఊరికి నడిచిపోతారు.

మనకి ఉప్పు తిన్నవాడు యజమానికి విశ్వాసంగా వుండాలి. హైతీలో ఉప్పు తిన్నవాడికి ఇల్లు గుర్తొస్తుంది. ఈ తేడా నన్ను చాలా రోజులు వెంటాడింది. ఎందుకంటే చెరకు తోటలు మనకీ కొత్త కాదు. 1830ల నుంచి మారిషస్‌కి, 1860 నుంచి నటాల్‌కి, 1903 నుంచి ఫిజీకి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కిన వాళ్ళలో తెలుగువాళ్ళూ వున్నారు. బర్మాకి వెళ్ళిన మనవాళ్ళని కొరింగ రేవు పేరుతో గుంపుగా 'కొరంగీలు' అనేవారు. ఒక్కొక్కడి పేరు ఎవడికి కావాలి?

ప్రేమ మొదటి నుంచీ వుంది

ఈ కథలు హాలీవుడ్‌కి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. 1932లో విక్టర్ హాల్పెరిన్ 'వైట్ జాంబీ' తీశాడు. చిన్న బడ్జెట్టు సినిమా. మాంత్రికుడు బెలా లుగోసి. కథ ఏమిటంటే, పెళ్ళి చేసుకోవడానికి హైతీ వచ్చిన జంటలో అమ్మాయి మీద ఒక తోట యజమాని మనసు పడతాడు. ఆమెని దక్కించుకోవడానికి మాంత్రికుణ్ణి ఆశ్రయిస్తాడు. ఆమె దక్కుతుంది కానీ, కళ్ళలో వెలుగు లేని బొమ్మగా దక్కుతుంది. ప్రేమని బలవంతంగా తెచ్చుకుంటే మిగిలేది శవమేనని జాంబీ సినిమా తొలి అడుగులోనే చెప్పింది. 1945లో 'జాంబీస్ ఆన్ బ్రాడ్‌వే' పేరుతో హాస్యం కూడా వచ్చి చేరింది.

అసలు మలుపు 1968లో. జార్జ్ రొమెరో, అతని మిత్రులూ పిట్స్‌బర్గ్‌కి ఉత్తరాన ఇవాన్స్ సిటీ దగ్గర ఒక పాత ఇంట్లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశారు. ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. నలుపు తెలుపు సినిమా కాబట్టి నెత్తురుకి చాక్లెట్ సిరప్ సరిపోయింది. ఊళ్ళోవాళ్ళే శవాలుగా నటించారు. ఆఖరి నిమిషంలో పేరు మార్చినప్పుడు కాపీరైట్ ముద్ర వేయడం మర్చిపోవడంతో, సినిమా అందరి సొత్తయిపోయింది. ఒక్క లైను తప్పిపోతే ఎంత నష్టమో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి మీలో చాలామంది వెళ్ళే వుంటారు. దర్శనం అయ్యాక దగ్గర్లోని మన్రోవిల్ మాల్‌కీ వెళ్ళే వుంటారు. రొమెరో తన రెండో జాంబీ సినిమా, 1978 నాటి 'డాన్ ఆఫ్ ది డెడ్'ని, షాపులు మూసేశాక రాత్రిళ్ళు తీసింది ఆ మాల్‌లోనే. చచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ మాల్‌కి వస్తారన్నది అందులో చమత్కారం. మనం అక్కడ తిరిగింది ఏ అలవాటు కొద్దో నేనడగను.

2004లో ఎడ్గర్ రైట్ 'షాన్ ఆఫ్ ది డెడ్' తీశాడు. లండన్‌లో ఒక బద్ధకస్తుడు. ప్రియురాలు వదిలేసి వెళ్ళిన మర్నాడే ఊరంతా జాంబీలు. మొదట్లో పేర్లు పడేటప్పుడు బతికున్న జనమే కళ్ళు తేలేసి బస్సుల కోసం నిలబడతారు, కొట్లో సరుకులు లెక్కవేస్తుంటారు. అచ్చం నేను బిర్కత్ అల్ అవామిర్‌లో వేసిన జోకే. కానీ ఒక తేడా వుంది. ఆ సినిమాలో కాళ్ళీడ్చుకుంటూ, ఆవలిస్తూ వచ్చేవాడు హీరోనే. ఆ దర్శకుడు తనలాంటి వాళ్ళని చూసి నవ్వాడు. నేను ఏసీ కార్లో కూర్చుని వేరేవాళ్ళని చూసి నవ్వాను.

ఆ సినిమాలో తల్లి జాంబీ అవుతుంది, ప్రాణస్నేహితుడు జాంబీ అవుతాడు. భయం పుట్టించే సినిమాలో జాంబీ ఒక గుంపు. హాస్యానికీ ప్రేమకీ గుంపు పనికిరాదు, పేరున్న మనిషి కావాలి. 2013లో వచ్చిన 'వార్మ్ బాడీస్'లో ఇంకో అడుగు ముందుకు వేశారు. అందులో ఒక జాంబీ కుర్రాడు బతికున్న అమ్మాయిని ప్రేమిస్తాడు. పేరులో మొదటి అక్షరం తప్ప వాడికేమీ గుర్తులేదు. ప్రేమించగా ప్రేమించగా మళ్ళీ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది.

మన బేతాళుడి సంగతేమిటి?

నిజానికి శవం నోట ప్రేమకథ వినడం మనకి చిన్నప్పుడే అలవాటు. చందమామలో బేతాళ కథల కోసం ఎదురుచూడని తెలుగు పిల్లలు నా తరంలో తక్కువ. భుజాన శవం, దానిలో బేతాళుడు, నోట ఒక చిక్కుప్రశ్న. పదకొండో శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలో మందారవతి కథ వుంది. ముగ్గురు ప్రేమించిన అమ్మాయి చనిపోతుంది. ఒకడు ఆమె బూడిద మీదే పడుకుంటాడు. ఇంకొకడు అస్థికలు గంగకి తీసుకెళ్తాడు. మూడోవాడు మంత్రం సంపాదించి వచ్చి బతికిస్తాడు. ఆమె ఎవరికి భార్య? బతికించినవాడు తండ్రితో సమానం, అస్థికలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదని వదలని వాడే భర్త అంటాడు రాజు. ఇంత చక్కటి జాంబీ ప్రేమకథ హాలీవుడ్‌లో నేను చూడలేదు.

తక్కువ ఖర్చులో దెయ్యాల్నీ, నవ్వునీ, ప్రేమనీ కలిపిన మన ఘనుడు బి. విఠలాచార్య. 1978 నాటి 'జగన్మోహిని' చూసినవాళ్ళు జయమాలిని దెయ్యాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. హీరో కాల్షీట్లతో ఇబ్బంది పెడితే అతన్ని చిలకగానో, మేకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేసేవారని ఆయన మీద ఒక ముచ్చట చెప్పుకుంటారు.

నేటి కథలోనూ మనవాళ్ళే వున్నారు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసిన రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే 2003లో అక్కడి భారతీయుల మీద 'ఫ్లేవర్స్' అనే చిన్న సినిమా తీశారు. ఆ ఇద్దరే 2013 మే 10న 'గో గోవా గాన్'తో హిందీకి జాంబీ హాస్యాన్ని తెచ్చారు. తమిళంలో 2016లో వచ్చిన 'మిరుతన్' తెలుగులో 'యమపాశం' అయింది. ఇక అచ్చ తెలుగు జాంబీ 2021 ఫిబ్రవరి 5న వచ్చింది. ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'. తేజ సజ్జాకి హీరోగా అదే మొదటి సినిమా. స్నేహితుడి పెళ్ళికని కర్నూలు వైపు వెళ్ళిన కుర్రాళ్ళు ఫ్యాక్షన్ గొడవలో ఇరుక్కుంటారు, ఆ పైన జాంబీలు. కరోనా భయంతో ఇళ్ళలో వణికి వచ్చిన జనం హాల్లో కూర్చుని ఒక అంటురోగాన్ని చూసి నవ్వారు. ఆ నవ్వు అప్పుడు మనకి చాలా అవసరం.

తక్కువ డబ్బు గురించి ఒక్క మాట. 2017లో జపాన్‌లో షినిచిరో ఉయేదా 30 లక్షల యెన్‌లతో 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' తీశాడు. మొదటి 37 నిమిషాలూ ఒకే షాటు. జాంబీ సినిమా తీయడానికి అగచాట్లు పడే ఒక కుటుంబం కథ అది. మర్నాటి ఏడాది టోక్యోలో రెండు హాళ్ళలో మొదలై దేశమంతా పాకి, వందల కోట్ల యెన్‌లు తెచ్చింది. జాంబీకి మేకప్పు, ఓపిక వున్న ఇరుగుపొరుగు చాలు. అందుకే డబ్బులేని ప్రతి తరమూ మళ్ళీ అక్కడికే వస్తుంది.

శుక్రవారం సినిమా

మళ్ళీ బిర్కత్ అల్ అవామిర్‌కి వద్దాం. రెండు వారాల తరవాత డ్రైవరే అడిగాడు, "సార్, ఆ జాంబీ సినిమా మాకు చూపెట్టుండ్రి" అని. ఒక శుక్రవారం లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళ గదికి వెళ్ళాను. ఆరు మంచాలు. జగిత్యాల, నిజామాబాద్, కడప, నెల్లూరు మనుషులు. 'జాంబీ రెడ్డి' పెట్టాను. కొడవళ్ళు బయటికి రాగానే అందరూ కడపాయన్ని చూసి నవ్వారు. ఆయన, "మా వూళ్ళో అంతలా లేదులే అబ్బీ" అని అందరికంటే ఎక్కువ నవ్వాడు.

సగంలో బామ్మర్ది ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం ఆపుండ్రి సార్" అన్నాడు. నిశ్చయమైన అమ్మాయి నుంచి వీడియో కాల్. గది ఇవతల మేం ఆరుగురం తెర మీద ఆగిపోయిన జాంబీని చూస్తూ, ఏమీ విననట్టు కూర్చున్నాం. అతను గోడవైపు తిరిగి, "తిన్నవా? నేనా? తింటున్న" అని మెల్లగా మాట్లాడాడు. రాత్రంతా గోదాములో పెట్టెలు మోసి వచ్చిన మనిషి. ముఖంలో అలసట జాడ లేదు. నేను ఆ రోజు బస్సు దగ్గర చూసిన ముఖాల్లో ఇదీ ఒకటి.

సినిమా అయ్యాక అన్నం పెట్టారు. ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు సీసా మధ్యలో పెట్టారు. అప్పుడు బావమరిదికి ఆ మాట చెప్పేశాను. ఫలానా రోజు ఫలానా జోకు వేశాను, తప్పయింది అని. బావ చెప్పి వుంటాడని అనుకున్నాను. చెప్పలేదట. అతను కాసేపు ఆలోచించి, "ఆరోజు నేను నిజంగనే నడుసుకుంట నిద్రపోతున్న సార్" అని నవ్వాడు. తరవాత నా కంచంలోకి చూసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు.

సరిపోయిందన్నాను. ఆరుగురి పేర్లూ ఆ రాత్రి అడిగి తెలుసుకుని ఇంటికి వచ్చాను. వాళ్ళ అనుమతి లేదు కనక ఇక్కడ రాయడం లేదు. నాకు మాత్రం గుర్తున్నాయి.

ఈ మహాసభల్లో పాటలు, విందులు, పాత మిత్రుల పలకరింపులు అన్నీ వుంటాయి. భోజనాల వరుసలో నుంచున్నప్పుడు, వడ్డిస్తున్న వాళ్ళలో ఎవరైనా అలసిపోయి కనిపిస్తే, ఒక్క క్షణం ఆగి పేరు అడగండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నది అదొక్కటే.