పండుగ కానుకగా ఛాయాపటము

క్రిస్మసు పండుగకు తమ ఛాయాపటమునే ఆప్తులకు కానుకగా నొసగు ఆచారము మిక్కిలి పాతది కాదు. 1839లో పారిసున వెల్లడియైన డాగెర్ పద్ధతిలో వెండిపూత రాగిరేకుపై పడునది ఒక్క ప్రతియే. దానిని పదిమందికి పంచుట యెట్లు? 1854లో డిస్డెరీ యను పారిసువాసి ఒకే గాజుపలకపై పెక్కు చిత్రములు పట్టి, కాగితముపై దించి, చిన్న అట్టలకు అంటించు పద్ధతికి పేటెంటు పొందెను. వెల తగ్గెను. వానిని పొదుగు ఆల్బములును వెలసెను.

నన్ను ఆకర్షించునవి అమెరికా అంతర్యుద్ధ కాలపు పటములు. భటుడు తన పటమును ఇంట నుంచి, ఇంటివారి పటమును జేబున దాచుకొని పోయెడివాడు. యుద్ధవ్యయమునకై ప్రభుత్వము ఈ ముచ్చటపైనను పన్ను వేసెననిన శ్రోతలు నవ్వవచ్చును! 1864 సెప్టెంబరు మొదలు 1866 ఆగస్టు వరకు, అమ్మిన పటము వెనుక స్టాంపు అంటింపవలసి యుండెను. 25 సెంట్లకు మించని పటమునకు 2 సెంట్లు. అమ్మువాడు దానిపై పొడి అక్షరములను, తేదీని వ్రాసి కొట్టివేయవలెను. కావుననే, పేరైనను లేని పాత పటము చేజిక్కినపుడు నేను ముందుగా వెనుకకు త్రిప్పి చూచెదను. ఆ తేదీ 1864 డిసెంబరైనచో, యుద్ధ మింకను ముగియని క్రిస్మసుకు ఎవరో ఎవరికో పంపిన ముఖము కాబోలునని తలచెదను.